మగ్గాలు ఆగిన పూట

ఫిబ్రవరి 2

నూలు కొట్టాయన మిగిలిపోయిన డైరీ ఒకటి నాకు అంటగట్టాడు. పోయినేడాదిది. తేదీలు పనికొస్తాయి, వారాలు నమ్మకూడదు. ఊరికే వచ్చింది కదా, ఊరికే పోవడం ఎందుకని రాస్తున్నాను. రాయడానికి సంగతి కూడా ఉంది. మా అమ్మాయి యూనివర్సిటీకి అప్లై చేస్తోంది.

ఏం చదువే అంటే సౌండ్ ఇంజినీరింగ్ అంది. పెళ్ళిళ్ళలో మైకుసెట్టు పెట్టేవాడికి డిగ్రీ ఎందుకే అన్నాను. తల పట్టుకుంది. అది కాదట. మోత ఎక్కడ పుడుతుంది, ఎలా తగ్గించాలి, అదంతా ఓ శాస్త్రమట. పుట్టినప్పటినుంచీ మరమగ్గాల మోతలో పెరిగిన పిల్ల, మళ్ళీ ఆ మోతే చదువుతానంటోంది. మా ఆయనకి చెబితే, మోతకి చదువేంటి, మన ఇంట్లో పడుకుంటే చాలదా అన్నాడు.

ఫిబ్రవరి 5, షిఫ్టు దిగాక

ఇవాళ అప్లికేషన్ నింపింది. పక్కనే కూర్చుని రెప్ప వెయ్యకుండా చూశాను. చేతికి సిరా అంటలేదు, కొట్టివేతలు లేవు. ఊరి పేరు రెండక్షరాలు కొడితే మిగతాది ఫోనే పూర్తి చేసింది.

ఫోటో వెనక తెల్లగా ఉండాలంది. మగ్గం మీంచి దించిన తెల్లబట్ట గోడకి కట్టాం. కళ్ళు సగం మూశావు, మళ్ళీ తీయి అని కూడా ఫోనే చెప్పింది. దాని వయసులో నేనూ ఇదే యూనివర్సిటీకి అప్లై చేశాను. ఆ అప్లికేషన్ ఫోటోలో నేను కళ్ళు పూర్తిగా మూసుకుని ఉన్నాను. తీసినాయన మళ్ళీ తీస్తాననలేదు. దాన్నే మగ్గాల గంజితో అంటించాం. దాని మీద ఓ ఆఫీసరు సంతకం కావాలంటే నాన్న నన్ను వెంటేసుకుని ఆయన ఇంటి చుట్టూ తిరిగాడు. భోంచేస్తున్నాడు, పడుకున్నాడు, ఊళ్ళో లేడు. చివరికి దొరికినప్పుడు, ఫోటో చూసి, నన్ను చూసి, ఇది నువ్వేనా అన్నాడు. నాన్న నా కళ్ళు మూయించి చూపించాడు. అప్పుడు సంతకం పెట్టాడు.

అంతా అయ్యాక సబ్మిట్ నొక్కింది. ఆకుపచ్చ టిక్ ఒకటి వచ్చింది. వెళ్ళిపోయింది అంది. ఎక్కడికి అన్నాను. యూనివర్సిటీకి అంది. ఎప్పుడు చేరుతుంది అన్నాను. చేరిపోయింది అంది. రసీదు ఏదే అంటే, ఆ టిక్కే రసీదట. నా అప్లికేషన్ పోస్టు చేసిన రసీదు నాన్న చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చొక్కా మార్చినప్పుడల్లా జేబు మార్చాడుగానీ పారెయ్యలేదు. ఇక్కడ జేబులో పెట్టుకోడానికి ఏమీ లేదు. వంటింట్లో కూర్చున్న పిల్ల కాయితం, ఎవరూ మొయ్యకుండా, అంత దూరం అప్పుడే చేరిపోయిందట. చాలాసేపు ఆ ఫోను వంకే చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 6

మా షెడ్డు గురించి రాయాలి. రేపు ఈ డైరీ నేనే చదువుకుంటే మళ్ళీ కళ్ళకి కట్టాలి.

షెడ్డులో గొంతులు పనిచెయ్యవు. మగ్గాలు ఆడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. అందుకని పెదాలతో మాట్లాడుకుంటాం. గొంతు తీసి పక్కన పెట్టేసి, ఒక్కో మాటా పెదాల మీద సాగదీసి చెప్పడమే. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కబుర్లు నడుస్తాయి. రహస్యమైతే నోటి పక్కన అరచేయి అడ్డం పెట్టుకోవాలి, లేకపోతే అందరూ చదివేస్తారు. నా పక్క మగ్గం ఆవిడకి ఆ చేయి అడ్డం పెట్టే అలవాటు లేదు. నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే ఆవిడ పేరు రేడియో.

మా పిల్ల ఉయ్యాల కూడా షెడ్డులోనే ఊగింది. ఏడిస్తే గొంతు రాకుండా ఏడ్చేది. మొహమంతా ఏడుపే, శబ్దం ఉండదు. గొంతుతో లాభం లేదని దానికి అప్పుడే తెలిసిపోయింది. ఇంటి దగ్గర మటుకు అందరం అరిచి మాట్లాడతాం. కొత్తవాళ్ళు వస్తే మేం పోట్లాడుకుంటున్నామని విడదీయబోతారు. మా ఇంటి గోడా షెడ్డు గోడా ఒకటే. ఆ అదురుకి గూట్లో గిన్నెలు వాటంతటవే అంచుకి జరుగుతుంటాయి, రోజూ వెనక్కి నెడతాను. గోడలకి చెవులుంటాయంటారు. మా గోడకి ఉంటే ఎప్పుడో చెవుడొచ్చి ఉండేది.

నాకు వచ్చింది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. ఎదురుగా ఉన్న మనిషి మాట పెదాల మీద చదివేస్తాను కాబట్టి ఎవరూ పసిగట్టలేదు. ఓనరుకి తెలిస్తే మగ్గం మీదనుంచి దింపేస్తాడు. పిల్లకి తెలిస్తే చదువు గిదువు మానేసి నా చుట్టూ తిరుగుతుంది. కాబట్టి గప్‌చుప్.

ఫిబ్రవరి 9

కరెంటు పోయింది. పిల్ల ఎప్పట్లాగే టార్చి తన మొహం మీదే వేసుకుని మాట్లాడింది. యూనివర్సిటీకి వెళతానంటోంది, ఇంకా చీకటంటే భయం.

ఫిబ్రవరి 16

ఇవాళ నన్ను యూనివర్సిటీకి తీసుకెళ్ళింది. మంచం మీద కూర్చోబెట్టే.

ఫోన్లో వేలు జరిపితే గేటు వచ్చింది. ఇంకోసారి జరిపితే గేటు లోపలికి వెళ్ళాం. చెట్లు, సైకిళ్ళు, బోర్డులు. ఆ పక్కకి తిప్పవే, ఆ మెట్ల వైపు అన్నాను. తిప్పింది. అవే మెట్లు. నా ఇంటర్వ్యూ అప్పుడు నాన్న కూర్చున్న మెట్లు. పక్కన కొత్తగా ఇనుప రెయిలింగు పెట్టారుగానీ మూడో మెట్టు అంచు అలాగే విరిగి ఉంది. ఆగమని, ఆ మెట్టు మీద వేలు పెట్టాను. ఫోను నేను ముందుకి నడవమన్నాననుకుని జర్రున లోపలికి తీసుకుపోయింది. వెనక్కి రావడం నాకు చేతకాలేదు. పిల్ల నవ్వింది.

నాన్న పోయి ఇన్నేళ్ళయింది. ఆయన కూర్చున్న చోటు నా మంచం మీదికి వచ్చి వెళ్ళింది. ఇంత వింత నేను చూస్తాననుకోలేదు.

ఫిబ్రవరి 27

ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. పిలుపంటే వెళ్ళేది కాదట. వాళ్ళే ఫోన్లో వస్తారట, మార్చి 9న, పదింటికి. గదిలో వేరే మనిషి ఉండకూడదు, చప్పుడు ఉండకూడదు. చప్పుడు ఉండకూడదు అన్న దగ్గర మా ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇంటర్నెట్ సెంటరుకి వెళ్దామంటే వీపు వెనక నలుగురు నిలబడతారు. చుట్టాలందరి ఇళ్ళూ ఏదో ఓ షెడ్డు గోడకి ఆనుకునే ఉన్నాయి. ఇక్కడే, ఈ గదిలోనే కావాలి.

నా ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. తెల్లారకముందే బస్సెక్కాం. పెద్ద బల్ల వెనక ముగ్గురు. ఎందుకు చదువుతావమ్మా అన్నారు. నేను చెప్పాను. షెడ్డు పిల్లని, నాకున్నది ఒకటే గొంతు. ఒకాయన కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. ఇంకొకాయన చెవి మీద చేయి పెట్టుకుని, ఎందుకమ్మా అరుస్తావు, మేం పక్కూళ్ళో లేం కదా అన్నాడు. ముగ్గురూ నవ్వారు, చెడ్డగా కాదులే. అంతే, నాకు గొంతు దిగిపోయింది. ఇప్పుడేమీ వినబడట్లేదన్నారు. సీటు రాలేదు. బయటికొస్తే మెట్ల మీంచి నాన్న లేచి, నువ్వు చెప్పిందంతా నాకు ఇక్కడిదాకా వినబడింది, ఎంత బాగా చెప్పావమ్మా అన్నాడు. దారంతా అదే మాట.

నా కూతురికి అలా జరగకూడదు. దీని సీటు పోతే గొంతు వల్ల మాత్రం పోకూడదు.

మార్చి 3

ఓనరు దగ్గరికి మా ఆయన వెళ్ళనన్నాడు, నేనే వెళ్ళాను. మార్చి 9న పదింటికి మా పిల్ల ఇంటర్వ్యూ అయ్యేదాకా మగ్గాలు ఆపాలండీ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆర్డర్లున్నాయి, కుదరదు అన్నాడు. నేను కదల్లేదు. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అన్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి చెవి మీదికి పోయింది. తల గోక్కున్నట్టు సర్దేశాను.

చివరికి, ఆగిన టైముకి బదులు ఆ పూట టీకి బయటికి పోకుండా పనిచేస్తే సరే అన్నాడు. వెనక్కి వచ్చి రేడియోకి చెప్పాను. నేను నా మగ్గం దగ్గరికి చేరేలోపు షెడ్డు షెడ్డంతా తల ఊపుతోంది. ఒక్కరు కూడా మా టీ ఎందుకు పోవాలి అనలేదు.

మార్చి 5

మెల్లగా మాట్లాడు, మెల్లగా మాట్లాడు అని దాని ప్రాణం తీస్తున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకో, ఊపకు అని కూడా. ఇవాళ విసుక్కుంది. అమ్మా, నేను అరిచినా పర్లేదు, వాళ్ళు వాల్యూమ్ తగ్గించుకుంటారు అంది.

నిజమే సుమా. ఆ ముగ్గురి దగ్గరా ఆ బటన్ ఉంటే నాకు సీటు వచ్చేది.

మార్చి 9, ఉదయం

తెల్లబట్ట కట్టాం. ఫోను పిండి డబ్బాకి ఆనించాం. నీళ్ళ గ్లాసు పెట్టాను. ఇంకేం రాయను, షెడ్డుకి వేళయింది.

మార్చి 9, సాయంత్రం

పదింటికి ఓనరే దగ్గరుండి మగ్గాలు ఆపిస్తానన్నాడు. పది కొట్టకముందే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఫోనులో చార్జింగు ఉంది, దానికి కరెంటుతో పనిలేదు. దేవుడే ఆపాడు పదండి అంది రేడియో. అందరం సంబరంగా బయటికొచ్చేశాం. కరెంటు పోయినప్పుడు ఎవరి మగ్గం స్విచ్చి వాళ్ళు ఆపాలి. లేకపోతే కరెంటు రాగానే వాటంతటవే ఆడేస్తాయి. షెడ్డులో చేరిన రోజు నేర్పే మొదటి పాఠం అది. మేం ఎవరం ఎన్నడూ మరిచిపోలేదు. ఇవాళ అందరం మరిచిపోయాం, ఓనరుతో సహా.

మా షెడ్డొక్కటే కాదు, వీధిలో అన్నీ ఆగాయి. మోత మేం చెవులతో ఎప్పుడో వినడం మానేశాం, కాళ్ళ కింద నేలతో వింటాం. ఇవాళ నేల ఆగిపోయింది. గూట్లో గిన్నెలు ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా గోడవార వరసగా కూర్చున్నారు. దగ్గొచ్చిన ఒకావిడ వీధి చివరిదాకా పోయి దగ్గి వచ్చింది. రేడియో రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది. ఓనరు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. ఒక్క పిల్ల మాట్లాడాలని ఇంతమంది ఊపిరి బిగబట్టడం చూసి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

నేను కిటికీ బయట నిలబడ్డాను. ఫోనుకి వెనక వైపు. వాళ్ళకి నేను కనబడను, నాకు పిల్ల మొహం కనబడుతుంది. ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడుతోంది. ఆ గొంతు నాకు వినబడదు. ఇంగ్లీషు పెదాలు చదవడం నాకు రాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను చెప్పినట్టే, బుద్ధిగా ఉంది. ఎవరింటి పిల్లో అన్నట్టుంది.

అప్పుడు కరెంటు వచ్చింది.

మగ్గాలన్నీ ఒక్కసారి లేచాయి. మనిషి లేని మగ్గాలు, అన్నీ కలిసి. గోడ అదిరింది. ఆడవాళ్ళంతా స్విచ్చీల కోసం షెడ్డులోకి పరిగెత్తారు. నేనూ పరిగెత్తాలి. నా మగ్గం కూడా ఆడుతోంది. కానీ నేను కదల్లేదు. ఎందుకంటే పిల్ల మాట్లాడుతోంది.

మాట ఆపలేదు అది. మోత మొదలవగానే, పుట్టినప్పటి అలవాటు, గొంతు దానంతటదే ఆగిపోయింది, పెదాలు సాగాయి. చేతులు ఒళ్ళోంచి లేచాయి. తను మారిందని తనకే తెలియలేదు. పెదాల మాట దానికి ఒక్క తెలుగులోనే వచ్చు. ఇంగ్లీషులో మొదలెట్టిన జవాబు తెలుగులోకి వచ్చేసింది. అవతల ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అంతా అర్థమయింది.

మా అమ్మకి వినబడదు అంది. ఎడమ చెవి పోయింది, కుడిది పోతోంది. ఎవరికీ తెలియదనుకుంటోంది. నేను తనని ఎప్పుడూ వెనకనుంచి పిలవను. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాకే మాట మొదలుపెడతాను. కరెంటు పోతే నా పెదాలు కనబడాలని టార్చి నా మొహం మీదే వేసుకుంటాను. నాకు చీకటంటే భయమని అందరికీ చెబుతుంది అమ్మ. చెప్పనీ. మగ్గాలు ఆగిపోవాలని కాదు నేను అడిగేది. మగ్గాలూ ఆడాలి, మా అమ్మకీ వినబడాలి. రెండూ జరిగే దారి ఎక్కడో ఉండే ఉంటుంది. అది నేను నేర్చుకోవాలి.

ఒక్కో మగ్గమే ఆగింది. చివరికి ఒక్కటే మిగిలింది, నాది. రేడియో వెళ్ళి దాన్ని ఆపింది.

పిల్ల ఉలిక్కిపడి గొంతు మీద చేయి పెట్టుకుంది. మొహం కందగడ్డ అయింది. తర్వాత మళ్ళీ ఇంగ్లీషు. చాలాసేపు నడిచింది. బయటికొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది, చిన్నప్పటిలా, గొంతు రాకుండా. మైకు పాడయిందా అని అడిగారట. లేదండీ, మెషీన్లు మొదలైతే మేం గొంతు వాడం అని నిజం చెప్పేసిందట. చేసి చూపించమన్నారట. ఎంత దూరంనుంచి చదవగలరు, పసిపిల్లలకి ఎప్పుడు వస్తుంది అని చివరిదాకా అదే అడిగారట. మార్కులు లేవు, ప్రాజెక్టు లేదు, ఏమీ అడగలేదు, అంతా పోయిందమ్మా అంది.

ఆ మోతలో ఏ ప్రశ్నకి జవాబు చెబుతున్నావే అన్నాను. ఈ చదువు ఎందుకు అని అడిగారంది. ఏం చెప్పావన్నాను. నా మొహం కాసేపు చూసి, ఏదో చెప్పాలే అంది. రెండోసారి అడిగితే, కార్మికుల ఆరోగ్యం కోసం అని ఒక ముక్కలో చెప్పి ఊరుకుందట.

మా నాన్నకి తలుపు బయట నా మాట వినబడింది. నాకు కిటికీ బయట దీని మాట కనబడింది. లోపల కూర్చున్నవాళ్ళకే రెండుసార్లూ అందలేదు.

మార్చి 10

చూశానని దానికి చెప్పలేదు. నేను ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే పిల్ల. దాని దగ్గర ఇన్నాళ్ళూ దాచాననుకున్నాను.

మార్చి 22

ఫోన్లో స్టేటస్: అండర్ రివ్యూ. రోజూ అదే. మా రోజుల్లో పోస్ట్‌మన్ వీధి మలుపులో కనబడగానే వాడి మొహం చూస్తే తెలిసిపోయేది. దీనికి మొహం లేదు. పిల్ల అన్నం సరిగ్గా తినడం లేదు. ఆ మగ్గాలకి స్విచ్చి ఆపకపోవడం మా తప్పే కదా అని రేడియో నా దగ్గర కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు పిల్లనే గమనిస్తున్నాను. నిజమే. వంటింట్లో నా వెనక ఉంటే, చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాకే నోరు విప్పుతుంది. ఉప్పు ఎక్కడుందని అడగడానికి కూడా. ఎన్నేళ్ళనుంచి ఇలా తిరుగుతోందో. ఎప్పుడూ అడ్డం వస్తావేంటే అని నేను కసిరేదాన్ని.

ఏప్రిల్ 11

మగ్గాలు ఆడుతున్నాయి. తలెత్తితే షెడ్డు తలుపు దగ్గర పిల్ల. పరిగెత్తలేదు, ఫోను ఊపలేదు. అక్కడే నిలబడి పెదాలు కదిపింది. వచ్చింది.

షెడ్డంతా ఒకేసారి తిరిగింది. ఒక్క శబ్దం లేదు, అందరికీ అందింది. ఆ చివరామె చేతిలోని నూలు కండె కింద పడేసుకుంది. అందరి పెదాల మీదా అదే మాట, వచ్చింది, వచ్చింది. నాన్న ఉంటే ఆయన కూడా చదివేవాడు. అంత మోతలో అంత పెద్ద కబురు అలా రావడం చూస్తూ నిలబడిపోయాను. చేతులు మగ్గం మీద ఉన్నాయో లేదో తెలియదు.

మగ్గాల మధ్యనుంచి నా దగ్గరికి వచ్చింది. నోటి పక్కన అరచేయి అడ్డం పెట్టుకుని అడిగింది. ఆ రోజు కిటికీలోంచి చూశావా.

నేనూ చేయి అడ్డం పెట్టుకున్నాను. చూశాను అన్నాను.

పక్కనుంచి రేడియో మెడ సాచి ఏంటి ఏంటి అంటోంది. ఆవిడకి స్టేషను దొరకలేదు.

ఇంటికొచ్చాక చెవుల డాక్టరుకి అపాయింట్‌మెంట్ ఫోన్లోనే తీసుకుంది. ఆకుపచ్చ టిక్ వచ్చింది. ఈసారి రసీదు అడగలేదు.

ఆగస్టు 17

హాస్టల్నుంచి వీడియో కాల్. మాట్లాడుతుంటే అక్కడ కరెంటు పోయింది. తెరంతా నలుపు. మరుక్షణం టార్చి, దాని మొహం మీద.

ఇంకా చీకటంటే భయమేనా అని అడిగాను.

భయమే అంది.